తిరువల్లిక్కేణిలో బోర్డు లేని పాత తెలుగు పుస్తకాల కొట్టు: డబ్బు చీటీకి

చెన్నై పైక్రాఫ్ట్స్ రోడ్డు మీద పాత పుస్తకాలు పరిచి అమ్మే చోటికి కూతవేటు దూరంలో, ఒక సందులో, మేడమీద ఉంది ఈ కొట్టు. బోర్డు లేదు. పేరు, ఫోను నంబరు ఆన్‌లైన్‌లో పెట్టవద్దన్నది యజమాని షరతు, అందుకని ఇక్కడ ఇవ్వడం లేదు. దారి తెలియదన్న బెంగ అక్కర్లేదు. పేవ్‌మెంటు మీద పుస్తకాలమ్మే వాళ్లలో ఎవర్నడిగినా "తెలుంగు వాద్యార్ వీడా?" (తెలుగు మేష్టారి ఇల్లా?) అని చెయ్యి చూపిస్తారు. కొనడానికి వచ్చేవాళ్లు ఆయన్ని మేష్టారు అంటారు. ఇక్కడా ఆ మాటే.

ధరలు ఎక్కువ. అదే పుస్తకం కింద పేవ్‌మెంటు మీద కంటబడితే ఉండే వెలకు మూడు నాలుగు రెట్లు. బేరం ఉండదు. అయినా పాత తెలుగు పుస్తకం తెలిసి కొనాలనుకునేవాళ్లకు చెన్నైలో ముందు చెప్పదగ్గది ఈ కొట్టే. పేవ్‌మెంటు మీద కొనేది కాగితం. ఇక్కడ కొనేది, ఆ కాగితం ఏమిటో చెప్పే చీటీతో సహా.

చీటీ పోస్టుకార్డు సైజు అట్టముక్క. రాత పెన్సిలుతో. పుస్తకంలో మాత్రం పెన్సిలు గీత కూడా పెట్టరు. ముఖపత్రం (అట్ట లోపలి పేరు పుట) మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తారు: పేరు, కర్త, పరిష్కర్త, అచ్చుకూటం, ఊరు, సంవత్సరం, వెల. కింద పుటల లెక్క, పీఠికకు వేరే, మూలానికి వేరే, తప్పొప్పుల పట్టికకు వేరే, చివరి ప్రకటనలకు వేరే. ఆ కింద లోపాలు. "బాగుంది", "పర్వాలేదు" లాంటి మాటలు ఎక్కడా కనబడవు. "వెన్ను పై అంగుళం లేదు. 33-48 ఫారం వదులు. 112వ పుట మూల చిరిగి రెండక్షరాలు పోయినవి. 60-90 మధ్య పురుగు కన్నం, అక్షరాలకు తగల్లేదు." ఇలా ఉంటుంది. ఫోనులో అడిగినా ఈ చీటీ చదివి వినిపిస్తారు తప్ప ఫోటోలు పంపరు. ఫోటోలో అట్ట కనబడుతుందిగానీ పోయిన ఫారం కనబడదని ఆయన వాదన. వాదన సరైనదే. ఫోటో కూడా పంపితే నష్టమేమిటో మాత్రం అర్థం కాదు.

ఆయన లెక్క ఎలా చూస్తారో తెలిస్తే ఏ కొట్లోనైనా పనికొస్తుంది. పాత పుస్తకానికి చివరి పుట అంకె చూసి సరిపెట్టుకోకూడదు, ఫారాలు చూడాలి. డెమ్మీ కాగితం పదిహేడున్నర అంగుళాలకు ఇరవై రెండున్నర. మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, పదహారు పుటలు. అదొక ఫారం, ఆ సైజు పేరు 1/8 డెమ్మీ. ప్రతి ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె వేసేవాళ్లు, బైండరు వరస తప్పకుండా పేర్చుకోవడానికి. 1, 17, 33, 49 పుటల అడుగున 1, 2, 3, 4 కనబడుతున్నాయంటే 1/8 డెమ్మీ లెక్క సరిగ్గా నడుస్తోందన్నమాట. మధ్యలో ఒక అంకె ఎగిరిపోతే పదహారు పుటలు పోయినట్టు. ఒకే అంకె రెండుసార్లు వస్తే అచ్చుకూటం బైండరే పొరపాటున ఒక ఫారాన్ని రెండుసార్లు పెట్టి ఇంకోదాన్ని వదిలేశాడేమో చూడాలి.

కొలబద్ద కూడా వెంట ఉండాలి. 1/8 డెమ్మీ పుస్తకం ఎత్తు కోయకముందు దాదాపు ఎనిమిది ముప్పావు అంగుళాలు, అంతకన్నా చిన్న కాగితమైన క్రౌనులో 1/8 అయితే ఏడున్నర. డెమ్మీ పుస్తకం ఎనిమిదికి దిగిందంటే మళ్లీ మళ్లీ బైండు చేయించి అంచులు కోయించారని అర్థం. అంచుల్లో పూర్వపు యజమాని రాసుకున్న పాఠాంతరాలో అర్థాలో ఉంటే వాటి చివరి అక్షరాలు కత్తికి పోయి ఉంటాయి. పండితుడి చేతిలో నలిగిన ప్రతికి ఆ రాతలే విలువ కాబట్టి ఈ లోపం చీటీలో తప్పకుండా ఉంటుంది.

పోయేవి ఎప్పుడూ ముందువీ వెనకవే. పీఠిక, అంకితం, విషయసూచిక సాధారణంగా మూలం అచ్చయ్యాక ఆఖర్న వేసేవాళ్లు, అంకెలూ వేరే. కుట్టు ఊడితే ఆ విడి ఫారమే ముందు జారిపోతుంది. తప్పొప్పుల పట్టిక చివరి ఆకు. అట్ట ఊడిన పుస్తకాన్ని నేల మీద పెడితే ముందు అరిగేది అదే. బొమ్మల పుటలకు అంకెలు ఉండవు, అందుకని పుటల వరస చూస్తే అవి పోయిన సంగతి తెలియదు. 1924 జనవరిలో మొదలైన భారతి పత్రికలో రంగుల చిత్రాలు విడిగా అతికించి ఇచ్చేవాళ్లు. వాటిని చింపి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు ఎన్నో. పైగా చందాదార్లు ఆరు నెలల సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనలూ తీసేసేవాళ్లు. ఆ ప్రకటనలు ఇప్పుడు వ్యాసాలంత అవసరమయ్యాయి పరిశోధకులకు. అందుకే ఈ కొట్లో భారతి అట్టలతో ఉన్న విడి సంచిక ఒక ధర, అట్టల్లేని బైండు సంపుటిలో అదే సంచిక వంతు దాంట్లో నాలుగో వంతు.

కాలనిర్ణయం దగ్గర మేష్టారి చదువు కనబడుతుంది. పాత ముఖపత్రాల మీద చాలాసార్లు క్రీస్తుశకం ఉండదు, "సాధారణ సంవత్సరము" అనో "హేవిళంబి" అనో ఉంటుంది. అరవై ఏళ్ల చక్రంలో ప్రభవ 1867లో వచ్చింది, మళ్లీ 1927లో, 1987లో. హేవిళంబి అంటే 1837 కావచ్చు, 1897 కావచ్చు, 1957 కావచ్చు. సాధారణ అంటే 1850, 1910, 1970. ఉగాదికి మారే సంవత్సరం కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా తర్వాతి అంకె పడుతుంది. చీటీ మీద 1910-11 అని రెండంకెలు ఉండేది అందుకే. శాలివాహన శకం ఇచ్చి ఉంటే 78 కలిపితే సరి.

మూడింట్లో ఏది అన్నది మిగతా గుర్తులు తేలుస్తాయి. వెల రూపాయి-అణా-పైల లెక్కలో, అంటే "1-8-0" అని ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. కొత్త పైసలు ఆ రోజు వచ్చాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. "మద్రాసు-17" అని ఉత్త తపాలా వలయం అంకె ఉంటే అంతకు ముందుది కావడానికే ఎక్కువ వీలు. 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు ఉండాల్సి వచ్చేది. లేదంటే అంతకన్నా పాతది, లేదా ఆ ఆకు పోయింది, లేదా దొంగ అచ్చు. అక్షరాలను నమ్ముకుంటే మాత్రం దెబ్బ తింటారు. అరసున్నలూ బండిరాలూ ఉన్నాయని పందొమ్మిదో శతాబ్దం అనుకోవద్దు, గ్రాంథికం పట్టుకున్న ప్రకాశకులు ఇరవయ్యో శతాబ్దం సగం గడిచినా వాటిని వదల్లేదు. ముఖపత్రం మీద "చెన్నపురి" చూసి ఇది 1996లో ఊరి పేరు మారాక వేసిందేమోనని సందేహపడేవాళ్లూ ఉన్నారట. తెలుగు ప్రకాశకులు ఆ ఊరిని అంతకు ఎంతో ముందు నుంచీ చెన్నపురి అని కూడా రాసేవాళ్లు.

వేలికొసలకు కూడా పని పెట్టాలి. సీసపు అచ్చు కాగితాన్ని నొక్కుతుంది. పుట వెనక్కి తిప్పి మెల్లగా తడిమితే అక్షరాల గరుకు తగులుతుంది. ఆఫ్‌సెట్‌లో నున్నగా ఉంటుంది. పాత ముఖపత్రాన్నే ఫోటో తీసి వేసిన పునర్ముద్రణలు పట్టుబడేది ఇక్కడే. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు దీనికి మంచి ఉదాహరణ. "బ్రౌను మొదటి కూర్పు" అని చూపించే వాటిలో ఎక్కువ భాగం 1903 నాటి సవరించిన కూర్పుకు ఈమధ్య తీసిన నకళ్లు. 1903 దానిలో కందుకూరి వీరేశలింగం, వెంకటరత్నం, క్యాంబెల్‌ల చెయ్యి ఉంది. 1850ల నాటి బ్రౌను పుస్తకం దానికన్నా వేరు. కన్యాశుల్కం 1909 కూర్పును "మొదటిది" అని అమ్మజూపేవాళ్లు ఊరూరా ఉన్నారు. మొదటిది 1897లో వచ్చింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. పరిశోధకుడికి రెండూ కావాలి. ఒకదాని పేరుతో ఇంకోదానికి డబ్బు ఇవ్వకూడదు, అంతే.

అన్నిట్లోకీ చిక్కైనది ముద్దుపళని శృంగార కావ్యం రాధికా సాంత్వనము. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్లవారు 1910లో వేశారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత ప్రకాశం పంతులు హయాములో నిషేధం పోయింది, 1952లో వావిళ్లవారే మళ్లీ వేశారు. రెండు అచ్చులూ 1957కు ముందువే కాబట్టి వెల చూసే చిట్కా ఇక్కడ పనిచేయదు. ప్రకాశకులూ ఒకరే. ఇక చూడాల్సింది సంవత్సరం పేరు (సాధారణ అంటే 1910-11, నందన అంటే 1952-53), పీఠిక, కాగితం, అంతా కలిపి. నిషేధ కాలంలో పట్టుకుపోగా మిగిలిన 1910 ప్రతులు ఎక్కడైనా బయటపడితే ముఖపత్రం లేకుండానే బయటపడే అవకాశం ఉంది, ఇంట్లో దాచుకున్నవాళ్లు దాన్నే ముందు చింపి ఉండొచ్చు గనక. మేష్టారు ముఖపత్రం లేని ప్రతికి "1910" అని చీటీ రాయరు. "1952 కాదు, కారణాలు ఇవి" అని రాస్తారు. ఈ జాగ్రత్తకు డబ్బివ్వొచ్చు.

ఇప్పుడు సరుకు. పదహారు బీరువాలు, అన్నీ గోడకు జానెడు ఎడంగా, కింది అర ఖాళీగా. చెన్నై వానాకాలంలో గోడ చెమ్మ పుస్తకానికి ఎక్కకుండా ఇది తప్పనిసరి. బలం ఉన్న చోటు 1880 నుంచి 1950 దాకా మద్రాసులో అచ్చయిన తెలుగు: వావిళ్లవారి కావ్యాలు, నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, వ్యాకరణాలు, నిఘంటువులు, సంగీత గ్రంథాలు. 1947 జూలై నుంచి వచ్చిన చందమామ ఉంది గానీ తొలి సంవత్సరాలవి వరస తెగి తెగి ఉన్నాయి. పిన్నులు తుప్పుపట్టి నడిమి పుటలు ఊడటం వాటికి మామూలు జబ్బు, కొనేముందు నడిమి నాలుగు పుటలు చూసుకోండి. నైజాం ఇలాకా పుస్తకాలు తక్కువ. నవలలు, డిటెక్టివ్ సాహిత్యం అడిగితే మేష్టారి మొహం మారుతుంది. అది ఈ కొట్టుకున్న పెద్ద లోపాల్లో ఒకటి. పాకెట్ పుస్తకాలు ఇప్పుడు దొరకడం కావ్యాలకన్నా కష్టమైపోతుంటే, ఆయన ఇంకా వాటిని కిలోల లెక్కన కిందికే పంపుతున్నారు.

అరుదైనది అంటే పాతది అనుకుని వచ్చేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. బరువైన భారత భాగవతాలు నూరేళ్లవైనా దొరుకుతూనే ఉంటాయి, పూజగదిలో పసుపు బట్ట కట్టి దాచారు కాబట్టి. పోయినవి ఎవరూ దాచనివి: రెండణాల కరపత్రాలు, బళ్లో పిల్లలు నమిలేసిన వాచకాలు, నాటక సమాజాల ప్రదర్శన పత్రాలు, సినిమా హాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఆ దశాబ్దపు పాటల పుస్తకాలు నాలుగైదు ఆకుల చవక కాగితం, ఇంటికి తెచ్చినవాడు పాట వచ్చేదాకా ఉంచుకుని పారేశాడు. చెన్నైలో ఇవి కోడంబాకం, టీ నగర్ వైపు సినిమావాళ్ల ఇళ్లు ఖాళీ చేసినప్పుడు పెట్టెల అడుగున బయటపడతాయి. మేష్టారి దగ్గర వీటికో సొరుగు ఉంది. అడిగితేనే తీస్తారు.

అమ్మేవాళ్లకూ ఈ కొట్టు మంచిదే, ఒక షరతు మీద: ఆయన వచ్చేదాకా ఏదీ సర్దకండి. తాతగారి బీరువాను దులిపి, అట్టలు చించి, మధ్యలో ఉన్న ఉత్తరాలూ రసీదులూ తీసి పారేసి, "శుభ్రంగా" అప్పగించినవాళ్లకు సగం విలువ చెత్తబుట్టలో పోతుంది. ఉత్తరమే ఆ పుస్తకం ఎవరిదో చెప్పే సాక్ష్యం. ఆయన ఇంటికి వచ్చి మూడు దొంతరలు పెడతారు. చీటీ రాయదగ్గవి, కిలోల లెక్కకు పోయేవి, గ్రంథాలయానికి ఇవ్వమని చెప్పేవి. మొదటి దొంతరకు ఒక్కో పుస్తకం పేరూ ధరా రాసిన జాబితా సంతకం పెట్టి ఇస్తారు. అమ్మకపు ధరలో మూడో వంతు ఇస్తారు. తక్కువనిపిస్తుంది. కానీ ఈ వ్యాపారంలో పుస్తకం అమ్ముడుపోవడానికి ఏళ్లు పడుతుంది, ఆలోగా దాన్ని పురుగు నుంచి కాపాడాలి. పాత పేపర్ల అంగడివాడు తూకం వేసుకుపోయే ధరతో పోల్చుకుంటే ఫిర్యాదు మిగలదు. మొదటి దొంతర మాత్రమే అమ్మి మిగతావి ఉంచుకోవచ్చు, బలవంతం లేదు.

గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం ఆయన కొనరు, "తొలగించినది" అన్న ముద్ర కూడా ఉంటే తప్ప. ముఖపత్రం మీది ముద్రను దొంగలు గీకేస్తారు గానీ చాలా గ్రంథాలయాలు లోపల ఏదో ఒక నిర్ణీత పుట మీద, ఎప్పుడూ అదే అంకె మీద, రెండో ముద్ర వేస్తాయి. ముఖపత్రం మీద కాగితం పలచబడి ఉంటే వెలుతురుకు పట్టి చూసి, తర్వాత ఆ లోపలి పుటలు తిప్పుతారు. కొనేవాళ్లూ ఈ పని చేయడం మంచిది. రేపు ఆ ప్రతి నుంచి వ్యాసం రాస్తే అడిగేవాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

తాళపత్రాలు అమ్మరు. డెబ్బై ఐదేళ్లు దాటిన, సాహిత్య చారిత్రక విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా వ్యాపారం కుదరదు, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం అసలే కుదరదు. ఎవరైనా తెస్తే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి దారి చెబుతారు. మెకంజీ సేకరణా, బ్రౌను రాయించిన ప్రతులూ చేరిన చోటు అది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పనిచేసిన చోటు కూడా. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. నూరేళ్లు దాటిన అచ్చు పుస్తకం పార్సెల్లో కనబడితే కస్టమ్స్ వాళ్లు ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం అడగవచ్చు. మేష్టారు అలాంటివి విదేశాలకు పంపరు, చెన్నైలో మీ మనిషికి అప్పగిస్తారు.

పుస్తకం కొనకుండా వాడుకోదగ్గ సేవ ఒకటుంది, ఈ కొట్టు గురించి రాయాలనిపించడానికి సగం కారణం అదే. మీ దగ్గరున్న పుస్తకం ఏ కూర్పో తేల్చి రాతపూర్వకంగా ఇస్తారు. రుసుము ఉంటుంది, ఒక పుస్తకానికి సుమారు పది రోజులు పడుతుంది. ఆయన చేతిలోని సాధనాలు ముఖ్యంగా రెండు. 1912లో బార్నెట్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల పట్టిక ఒకటి. 1867 చట్టం కింద మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి వేసిన పుస్తకాల జాబితాలు రెండోది. ఈ జాబితాల్లో ముద్రాపకుడు, పుటలు, వెల, ఎన్ని ప్రతులు వేశారన్న సంగతి కూడా ఉంటుంది. "ఇది చాలా అరుదు" అన్న మాటకు ఆధారం అడిగితే ఆయన చూపేది ఆ ప్రతుల అంకె. ఈ పద్ధతికి మద్రాసులో వంశవృక్షం ఉంది. సైన్‌బోర్డులు రాసే పనితో మొదలై, మూర్ మార్కెట్లో తమిళ పుస్తకాలు ఏరి చెట్టినాడులోని కోట్టైయూరులో పేర్చిన రోజా ముత్తయ్య కూడా పుస్తకాలు చేర్చి ఊరుకోలేదు, అడిగిన పరిశోధకులకు సమాచారం వెతికి పంపేవారు. ఆయన పోయాక ఆ సేకరణను షికాగో విశ్వవిద్యాలయం కొని చెన్నైలోనే ఉంచింది, ఇప్పుడది తరమణిలో గ్రంథాలయం. తెలుగుకు అలాంటిది మద్రాసులో రాలేదు.

స్కాను ఉందా లేదా అన్నది కూడా చీటీలో ఒక మూల రాసి ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాను చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. చదవడానికి మాత్రమే కావాలంటే "ఇది అక్కడుంది, డబ్బు ఖర్చుపెట్టకండి" అని మేష్టారే చెబుతారు. వ్యాపారికి ఇది వింత గుణం. అయితే ఆ స్కానుల్లో పుటలు దాటిపోవడం, ముఖపత్రం లేకపోవడం, పేర్లు తప్పు పడటం మామూలు కాబట్టి, లెక్క చూసేందుకు ఒకటికి రెండు స్కానులు పక్కన పెట్టుకోవాలి.

ఇక ఈ కొట్లో చేయించకూడనిది బైండింగు. ఆయన పంపించే బైండరు పక్క కుట్టు వేస్తాడు. వెన్ను దగ్గర మడతల్లోంచి కాక, పుస్తకం పక్క నుంచి దబ్బనంతో పొడిచి కుడతాడు. లోపలి అంచు అరంగుళం మింగేస్తుంది. పుస్తకం పరుచుకోదు, బలవంతాన తెరిస్తే పెళుసు కాగితం కుట్టు వెంబడి పుటుక్కున విరుగుతుంది. ఆ పైన మూడు వైపులా కోత, వెన్నుకు ఫెవికాల్, పైన రెక్సిను. ఫెవికాల్ ఆరాక మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. పాతకాలపు మైదా జిగురు తడిపితే ఊడుతుంది. అయితే పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం కాగితానికి మంచిది కాదు, రాగి కాగితాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తుంది. మీకు బైండింగు తప్పదనిపిస్తే బయట చేయించండి, మూడు మాటలు కాగితం మీద రాసివ్వండి: కోయొద్దు, మడతల్లోంచే కుట్టు, పాత అట్టలు లోపల ఉంచు. ఆకులు పెళుసుబారిపోతే బైండింగు మాట వదిలేసి ఆమ్లం లేని అట్టతో పెట్టె చేయించుకోవడం మేలు. చిరుగుకు సెల్లోటేపు, ఆకులకు ప్లాస్టిక్ లామినేషన్ ఎవరు సలహా ఇచ్చినా వినకండి. టేపు జిగురు ఏళ్ల తర్వాత పచ్చగా కాగితంలోకి దిగుతుంది, మరక పోదు.

పెళుసుతనం చూడటానికి మూల మడిచి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ అలా చేస్తే పుస్తకం కొనాల్సిందే. అరలో పుస్తకం ఉన్న చోట గోధుమరంగు పొట్టు రాలి ఉందేమో చూస్తే చాలు. పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలోని గుడ్డపీలికల కాగితం ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. తర్వాత వచ్చిన కలపగుజ్జు కాగితంలో లిగ్నిను అనే కలప పదార్థం, సిరా పాకకుండా పటికతో కలిపి వేసిన రోజను కలిసి ఆమ్లం పుట్టించి ఆకును లోపలి నుంచి తినేస్తాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల కాగితం అన్నిటికన్నా అధ్వాన్నం. 1943 పుస్తకం 1843 పుస్తకం కన్నా ముసలిదిగా కనబడితే ఆశ్చర్యపోకండి.

కొన్న పుస్తకాన్ని ఇంట్లో మిగతా వాటి పక్కన వెంటనే పెట్టకండి. కొట్టు ఎంత జాగ్రత్తగా ఉన్నా కన్నాలు పొడిచే పురుగు గుడ్లు కంటికి కనబడవు. పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజరులో మైనస్ 20 దగ్గర వారం ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచాలి. చల్లటి పుస్తకాన్ని చెన్నై గాలిలో విప్పితే ఆకుల మీదే నీరు పడుతుంది. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాజు బీరువా తలుపులు పగలు కాసేపు తెరిచి ఫ్యాను వేయండి. అద్దాల బీరువా బిగించి నెలలు వదిలేయడం కన్నా తెరిచిన అర మేలు.

పార్సెలు కట్టడంలో మేష్టారికి వంక పెట్టలేం. బటరు పేపరు, ప్లాస్టిక్ సంచి, రెండు వైపులా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టలు, మూలలకు మడిచిన అట్ట, పైన గుడ్డ. బెంగళూరుకో హైదరాబాదుకో పోయిన పార్సెలు మూలలు నలగకుండా చేరుతుంది. బిల్లు అడిగితే ఇస్తారు, అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. చీటీలో రాయని లోపం కనబడితే పదిహేను రోజుల్లో వెనక్కి తీసుకుంటారు. పత్రికల విడి సంచికలకు మాత్రం ఆ వీలు లేదు, ఎందుకో చెప్పరు. పెద్ద కొనుగోలుకు మూడో వంతు ముందిచ్చి మూడు నెలలు ఆపించుకోవచ్చు.

కొట్టు మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా, శుక్రవారం సెలవు. ముందు ఫోను చేయని వాళ్లకు తలుపు తీస్తారు గానీ బీరువా తీయరు. ఫోనులో ఏ పుస్తకం, ఏ కూర్పు, ఎందుకు కావాలో చెబితే వెళ్లేసరికి బల్ల మీద తీసి ఉంచుతారు. "పాతవి ఏమున్నాయి?" అని అడిగితే మూర్ మార్కెట్ వైపు వెళ్లమంటారు. మెట్లు నిటారుగా, రైలింగు లేకుండా ఉన్నాయి, పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. చేతులు కడుక్కోవడానికి గుమ్మం పక్కనే కుళాయి ఉంది. కాఫీ ఇస్తారు, బల్లకు దూరంగా.